వీల్‌చైర్‌లో పులిహోర, గోడ మీద నేను

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో ప్రతి షిఫ్టుకీ లాగ్‌బుక్ రాయాల్సి వచ్చేది. ఆ అలవాటు నాతోపాటు ఇంటికి వచ్చింది. రిటైరయ్యాక కూడా పోలేదు. లాగ్‌బుక్‌లో ఊహలకు చోటు లేదు. మీటరు ఏం చూపించింది, ఏ వాల్వు తిప్పాం, ఎవరికి చెప్పాం, అంతే. ఈ సంగతి కూడా అలాగే రాయాలని కూర్చున్నాను. కోపాన్ని మాత్రం తీసివేయను. అది ఊహ కాదు. ఆ రోజు జరిగినవాటిలో అదీ ఒకటి.

నేనుండేది ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని గంగాలిన్ అనే పేటలో. ఒక పడకగది ఫ్లాటు. మా ఆవిడ పోయాక పెద్ద ఇల్లు వదిలేసి దీన్ని అద్దెకు తీసుకున్నాను. కిందికి దిగితే ట్రామ్, ట్రామ్ ఎక్కితే సిటీ. లైబ్రరీ నడిచి వెళ్ళే దూరం. పొద్దున్నే చెరువు చుట్టూ నడుస్తాను. ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, రెండోదానికి కాలేదు. రెండూ పనిచేస్తాయి. ఆపరేషన్ కానిది కాస్త గొణుగుతుంది.

మా అబ్బాయి సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో ఉంటాడు. పెరట్లో నా కోసం విడిగా ఒక చిన్న ఇల్లు, ఇక్కడివాళ్ళు గ్రానీ ఫ్లాట్ అంటారు, కట్టించాడు. మంచి గది, గాలీ వెలుతురూ ఉన్నాయి, బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి. పైన మూలల్లో కెమెరాలు కూడా ఉన్నాయి. అవెందుకురా అంటే, "సేఫ్టీ కోసం నాన్నా, ఆఫీసులో ఉన్నా నా ఫోన్లో చూసుకోవచ్చు," అన్నాడు. అప్పుడే నాకు ఇష్టం లేదని చెప్పాను. ఈలోగా గంగాలిన్ ఫ్లాటు అద్దె ఒప్పందం ముగిసే సమయం వచ్చింది. పొడిగిస్తారా, ఖాళీ చేస్తారా చెప్పమని ఏజెంటు మెయిల్ పంపింది.

"ఇప్పుడే రిప్లై ఇవ్వకండి నాన్నా," అన్నాడు అబ్బాయి. "ఎలాగూ చెల్లి దగ్గరికి వెళ్తున్నాం కదా. ట్రిప్‌లో మీరెలా మేనేజ్ చేస్తారో చూసి, వచ్చాక డిసైడ్ చేద్దాం."

ఎవరు చూస్తారు, ఎవరు డిసైడ్ చేస్తారు అన్నది ఆ మాటలోనే ఉంది. మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తోంది. వాడికి అది చెల్లెల్ని చూడటానికి వెళ్ళే ప్రయాణం. నాకు మాత్రం అది పరీక్ష. పాసయితే నా ఇల్లు నాకుంటుంది.

ఆ పరీక్షలో మొదటి తప్పు సిడ్నీ ఎయిర్‌పోర్టులోనే చేశాను. మనవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పెద్దవాళ్ళు విమానం ఎక్కుతుంటే, నడవగలిగినా సరే, టికెట్ కొనేటప్పుడే పిల్లలు వీల్‌చైర్ అని టిక్కు పెట్టేస్తారు. భాష రాదని, గేటు దొరకదని, క్యూలో నిలబడలేరని. చెక్ ఇన్ కౌంటర్ దగ్గర చూస్తే మన పెద్దవాళ్ళంతా వరసగా కుర్చీల్లో ఉంటారు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగులు పెట్టుకొని. నాకూ ఒకటి వచ్చింది. వద్దన్నాను. పక్క కుర్చీలో ఉన్న నెల్లూరు పెద్దావిడ నవ్వింది.

"కూచోండన్నా, ఏందా మొహమాటం! నేను రోజూ రెండు సంచులు కూరగాయలు మోసుకోని నడిచే ఇంటికొస్తా. ఈడికొస్తే మాత్రం నాకు కాళ్ళుండవు."

"తప్పు కదమ్మా?"

"తప్పేముండాది? ఆ క్యూ చూసినారా? దాని తోక పట్టుకుంటే మన ఫ్లైటు పోయి, తిరిగి కూడా వచ్చేస్తది."

కూర్చున్నాను. నెట్టే అతను అన్ని క్యూలూ దాటించి తీసుకెళ్ళాడు. విమానం మారిన చోటా అంతే, దిగిన చోటా అంతే. నాకు సుఖంగానే ఉంది. కానీ పక్కన బ్యాగులతో నడుస్తున్న మా అబ్బాయి, ఆ ప్రయాణమంతా తన తండ్రిని కుర్చీలోనే చూశాడు. ఒకచోట నెట్టే మనిషి నన్నడగకుండా, "ఆయన నీళ్ళు తాగుతారా?" అని వాణ్ణి అడిగాడు. వాడు, "తాగుతారు," అన్నాడు. నాకు దాహం లేదు. అయినా తాగాను. క్యూ తప్పించుకోవడానికి వేసిన వేషం వాడి కళ్ళకు వేషంలా కనబడటం మానేసిందని నాకు అప్పుడు తట్టలేదు.

అమ్మాయి ఇంటికి చేరాక, ప్రయాణ బడలిక తీరాక, ఒక రోజు పాత కోట ఊరు చూడటానికి కారులో బయల్దేరాం. ఆ ఊరి పేరు రాయను. మా ఇంటి గొడవలో ఆ ఊరి తప్పేమీ లేదు. సంచి పెడదామని డిక్కీ తీస్తే అందులో మడతపెట్టిన వీల్‌చైర్ ఉంది.

"ఇదెవరికి?"

అమ్మాయి వాళ్ళ అన్నయ్య వంక చూసింది. "అన్నయ్య అడిగాడు నాన్నా. పక్కింటావిడ దగ్గర తెచ్చాను. జస్ట్ ఇన్ కేస్."

"ఎయిర్‌పోర్టులో కూర్చున్నారుగా నాన్నా," అన్నాడు వాడు. "ఇక్కడ మాత్రం ఏమైంది?"

జవాబు ఉంది. చెబితే ఎయిర్‌పోర్టులో చేసింది నాటకమని ఒప్పుకోవాలి. ఊరుకొని కారెక్కాను. అది రెండో తప్పు.

ఊరు చిన్నది. చుట్టూ వెడల్పాటి కందకం నిండా నీళ్ళు, లోపల ఎత్తైన గోడ, ఆ గోడ లోపల ఊరు. కోట అంటే మనకు గోల్కొండ, కొండపల్లి గుర్తొస్తాయి, రాయి మీద రాయి. ఇక్కడ గోడంతా మట్టి. మట్టి మీద పచ్చగడ్డి, గడ్డి మేస్తూ గొర్రెలు. ఫిరంగి గుండు తగిలితే రాయి పగులుతుంది, మట్టి అయితే మింగేస్తుంది, అందుకే ఇలా కట్టారని ద్వారం దగ్గర బోర్డు మీద ఉంది. గోడ గుండ్రంగా పోదు. నక్షత్రం కోణంలా బయటికి పొడుచుకొస్తుంది, మళ్ళీ లోపలికి మడతపడుతుంది, మళ్ళీ పొడుచుకొస్తుంది. అలా పొడుచుకొచ్చిన ప్రతిచోటా ఒక బురుజు.

చెక్క వంతెన దాటి లోపలికి వెళ్ళాం. వీధుల్లో గుండ్రాళ్ళు పరిచారు. అబ్బాయి కుర్చీ విప్పాడు.

"కూర్చోండి నాన్నా."

"నడుస్తాను."

"రాళ్ళున్నాయి, జారతారు."

"రాళ్ళ మీద చక్రాల కంటే కాళ్ళే నయం."

నేను ముందు నడిచాను. వాడు వెనక ఖాళీ కుర్చీ నెట్టుకుంటూ వచ్చాడు. ఆ రాళ్ళ మీద అది చేసిన చప్పుడు ఇంతా అంతా కాదు. మూలన పూలు అమ్ముతున్నావిడ ముందు కుర్చీని చూసింది, తర్వాత నన్ను చూసింది, తర్వాత కుర్చీలో ఎవరైనా ఉన్నారేమోనని మళ్ళీ చూసింది. అమ్మాయి నవ్వు ఆపుకోలేక, తను మోస్తున్న పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, నీళ్ళ సీసాలు తెచ్చి అందులో పెట్టింది.

"కనీసం పులిహోరైనా కూర్చుంటుందిలే అన్నయ్యా."

"జోకులొద్దు," అన్నాడు వాడు. నా చేతిలోని సంచి కూడా తీసుకొని హ్యాండిల్‌కి తగిలించాడు. నా ఫోన్ ఆ సంచిలోనే ఉంది.

చర్చి ముందు బెంచీ మీద కూర్చొని తిన్నాం. తిన్నాక వాళ్ళిద్దరికీ కాఫీ కావాలనిపించింది. నాకు ఆ గోడ ఎక్కాలనిపించింది.

"మీరు తాగుతూ ఉండండి. గోడ మీద ఊరి చుట్టూ ఒక చుట్టు తిరిగొస్తాను."

"ఒక్కరే ఎందుకు నాన్నా? కాఫీ అయ్యాక అందరం వెళ్దాం."

"కాఫీ కోసం కాళ్ళు ఆగవురా."

"వెళ్ళనీ అన్నయ్యా," అంది అమ్మాయి. "ఎక్కడికి పోతారు, చుట్టూ నీళ్ళే!"

వాడు మొహం ముడుచుకున్నాడు. "సరే. అదిగో, గోడ మీద గాలిమర ఉంది కదా, మేం అక్కడ వెయిట్ చేస్తాం. అక్కడికొచ్చేయండి."

గోడ మీదికి మెట్లు ఉన్నాయి. కమ్మీ పట్టుకొని ఎక్కాను. పైన దారి గుర్తుగా ఒక బాణం ఎడమకు చూపించింది. నేను కుడికి తిరిగాను. ఆలోచించి చేసింది కాదు. గుడి కానీ, తులసికోట కానీ, దేని చుట్టూ తిరిగినా అది కుడిచేతి వైపు ఉండాలి. చిన్నప్పటి నుంచీ కాళ్ళకు వచ్చిన దారి అది. గంగాలిన్ చెరువు చుట్టూ కూడా అలాగే తిరుగుతాను. ఎడమకు వెళ్ళి ఉంటే గాలిమర మొదట్లోనే వచ్చేది. కుడికి తిరిగాను కాబట్టి అది అన్నిటికంటే చివర వస్తుంది. ఆ సంగతి కాసేపు నడిచాక గానీ తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తిరగబుద్ధి కాలేదు. సగంలో తిరిగితే అది చుట్టు ఎలా అవుతుంది?

పైన గాలి చల్లగా ఉంది. ఒకవైపు కందకం, బాతులు. ఇంకోవైపు ఎర్ర పెంకుల ఇళ్ళు, పెరళ్ళలో ఆరేసిన బట్టలు. ఒక బురుజు మీద తుప్పు పట్టిన ఫిరంగి పక్కన నిలబడి చూశాను. అక్కడి నుంచి పక్క బురుజు గోడ అడుగు దాకా కనబడుతోంది. ఆ బురుజు మీదికెళ్తే దాని పక్కది కనబడుతుంది. గోడని నక్షత్రంలా ఎందుకు మడిచారో అప్పుడు అర్థమైంది. ఎవడైనా గోడ కింద నక్కుదామంటే నక్కడానికి మూల దొరకదు. ప్రతి మూల మీదా ఇంకో మూల కన్ను ఉంటుంది. కంట్రోల్ రూములో పనిచేసినవాణ్ణి కదా, ఆ లెక్క నచ్చింది. మెచ్చుకున్నాను కూడా. వెంటనే స్కోఫీల్డ్స్ పెరట్లో గది గుర్తొచ్చింది. మా అబ్బాయి కూడా అలాంటిదే కట్టాడు. కోటలో ఆ కన్ను శత్రువు కోసం. మా ఇంట్లో అది నా కోసం. ప్రేమతోనే పెట్టాడు, కాదనను. ప్రేమతో పెట్టినా కెమెరా కెమెరానే.

ఆపరేషన్ కాని మోకాలు గొణగడం మొదలుపెట్టింది. ఒక బెంచీ మీద కూర్చొని దాన్ని రుద్ది, లేచి మళ్ళీ నడిచాను.

ద్వారం దగ్గర గోడ తెగి ఉంటుంది. కిందికి దిగి, రోడ్డు దాటి, అవతలి వైపు మళ్ళీ ఎక్కాలి. దిగుతున్నాను. మెడలో బ్యాడ్జీ వేసుకున్న ఒకావిడ, టూరిస్టు ఆఫీసులో పనిచేసే మనిషి, నా వైపు గబగబా వచ్చింది.

"మీరు బాగానే ఉన్నారా సార్?" అని ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి, కాస్త గట్టిగా అడిగింది.

"బాగున్నానమ్మా."

"మీ అబ్బాయి మీ కోసం వెతుకుతున్నారు. మీకు అప్పుడప్పుడు కన్‌ఫ్యూజన్ వస్తుందని చెప్పారు. ఏం కంగారు లేదు. నాతో రండి." నా మోచెయ్యి పట్టుకుంది. మెత్తగానే పట్టుకుంది.

జీవితంలో నన్ను చాలా అన్నారు. మొండివాడన్నారు, చాదస్తమన్నారు. ఆ రెండూ నిజమే, ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఈ మాట మాత్రం నిజం కాదు. పైగా దాన్ని పరాయి ఊళ్ళో, పరాయి మనిషికి, నేను లేనప్పుడు చెప్పాడు కన్నకొడుకు. ఆ చెయ్యి నా మోచేతి మీద ఉన్నంతసేపూ నా ఇల్లు నా చేతిలోంచి జారిపోతున్నట్టే ఉంది.

"నాకు కన్‌ఫ్యూజన్ లేదమ్మా," అన్నాను. "మీ బాణానికి ఎదురు తిరిగి నడిచాను, అంతే. మేం తిన్న చర్చి అదిగో. మా కారు ఈ వంతెన అవతల. ఆ వైపు మెట్లెక్కి గోడ మీద నడిస్తే గాలిమర వస్తుంది. అక్కడ మా పిల్లలున్నారు. ఏమైనా తప్పు చెప్పానా?"

ఆమె ఒక్క క్షణం చూసింది. చెయ్యి తీసేసింది. "లేదు సార్. అంతా కరెక్ట్. క్షమించండి."

"మీరు కాదమ్మా చెప్పాల్సింది."

చెప్పాల్సినవాడు అప్పుడే వీధిలోంచి పరిగెత్తుకొచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. వెనక అమ్మాయి పులిహోరను నెట్టుకుంటూ వస్తోంది.

"నాన్నా! ఎక్కడికెళ్ళారు? గాలిమర దగ్గర నిలబడి నిలబడి... వీధులన్నీ చూశాను!"

"గోడ మీద తిరుగుతానన్నాను. గోడ మీదే ఉన్నాను."

"యారోస్ అటు ఉన్నాయి కదా!"

"ఉన్నాయి. నేను ఇటొచ్చాను."

"ఫోనైనా ఎత్తచ్చు కదా!"

"ఎక్కడుందిరా నా ఫోను?"

అమ్మాయి కుర్చీ హ్యాండిల్‌కి వేలాడుతున్న సంచి చూపించింది. "చెప్పాగా అన్నయ్యా, ఇక్కడే మోగుతోందని. నువ్వు వింటేగా."

వాడు తల పట్టుకున్నాడు. "నీళ్ళలోకి కూడా చూశాను నాన్నా," అన్నాడు.

ఆ మాటకు నా కోపం ఒక మెట్టు దిగింది. దిగిందని వాడికి తెలియనివ్వలేదు. తెలిస్తే మళ్ళీ అక్కడే మొదలుపెడతాడు.

"నేను కన్‌ఫ్యూజ్ అవుతానని చెప్పావట."

"టెన్షన్‌లో అన్నాను నాన్నా. త్వరగా వెతుకుతారని."

"టెన్షన్ నీది. కన్‌ఫ్యూజన్ నాకెందుకు అంటగట్టావు?"

వాడు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"ఎయిర్‌పోర్టు సంగతి కూడా విను. అక్కడ క్యూ తప్పించుకోవడానికి కూర్చున్నాను. నువ్వు టిక్కు పెట్టావు, నేను కూర్చున్నాను. మనవాళ్ళందరూ చేసే పనే. నా కాళ్ళకు అది డాక్టరు సర్టిఫికెట్ కాదు. ఇకపైన ఆ టిక్కు పెట్టకు. క్యూలో నిలబడతాను."

గొంతు ఎంత పెంచానో తెలియదు కానీ, వంతెన మీద వెళ్తున్న సైకిలాయన ఒక కాలు దించి ఆగాడు. టూరిస్టు ఆఫీసావిడ గొర్రెల వైపు చూస్తూ నిలబడింది.

"ఓకే నాన్నా. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు అబ్బాయి. "పార్కింగ్ టైం అయిపోతోంది. కూర్చోండి, కారు దాకా నేను నెడతాను."

అంతా విని కూడా కూర్చోండి అన్నాడు!

"నా చుట్టు పూర్తి కాలేదు. మీరు కారులో వెళ్ళండి. నేను బస్సులో వస్తాను."

"బస్సులోనా? ఈ దేశంలోనా? నాన్నా, బీ ప్రాక్టికల్!"

"ఈ దేశంలో బస్సుకు నంబరుంటుంది, డ్రైవరుంటాడు. జేబులో బ్యాంకు కార్డుంది. గంగాలిన్‌లో ట్రామ్ దగ్గర తాకించినట్టే ఇక్కడా తాకించాలి. మొన్న చెల్లితో ఎక్కినప్పుడు చూశాను." ఆఫీసావిడ వైపు తిరిగాను. "బస్‌స్టాప్ ఎక్కడమ్మా?"

"వంతెన దాటగానే సార్," అందామె. ఈసారి మామూలు వేగంతో, మామూలు గొంతుతో చెప్పింది. ఏ నంబరో, ఏ వైపు ఎక్కాలో కూడా చెప్పింది.

అమ్మాయి సంచిలోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "బస్సు దిగాక మా ఇంటికి నడక దూరమే అన్నయ్యా. పద." తర్వాత నాతో, "మిగిలిన పులిహోర తీసుకెళ్తారా నాన్నా?" అంది.

"వద్దు తల్లీ. దాన్నెందుకు నడిపించడం?"

వాళ్ళు వెళ్ళారు. నేను అవతలి మెట్లెక్కి మిగిలిన గోడంతా నడిచాను. గాలిమర తిరగడం లేదు, తాళ్ళతో కట్టేశారు. ఎక్కడ బయల్దేరానో అక్కడికొచ్చి, ఆ ఎడమ బాణం ముందు నిలబడి, దాన్ని బాగా చూసి, కిందికి దిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవసరం కూడా లేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోన్ తీసి ఏజెంటు మెయిల్ తెరిచాను. ఫ్లాటు ఖాళీ చేయడం లేదని, రెండేళ్ళకు పొడిగించమని రాశాను. ఎప్పుడూ ఏడాదికే రాసేవాణ్ణి. కోపంలో రాశారని ఎవరైనా అనవచ్చు. అవును, కోపంలోనే రాశాను. అయినా సరైన జవాబే. తప్పులున్నాయేమోనని రెండుసార్లు చదివి పంపించాను.

నేను వెళ్ళేసరికి వాళ్ళు ఇల్లు చేరి ఉన్నారు. అబ్బాయి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాక వాడే మొదలుపెట్టాడు.

"సారీ నాన్నా. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"సరే."

"ఫ్లాటు సంగతి మాత్రం కూల్‌గా మాట్లాడుకుందాం."

"జవాబిచ్చేశాను. రెండేళ్ళు."

వాడి మొహం ఎర్రబడింది. "డిసైడ్ చేద్దామన్నాం కదా!"

"డిసైడ్ చేశాను."

"మరి మీ కోసం కట్టింది?"

"బాగా కట్టావు. వచ్చినప్పుడు ఉంటాను. ముందు ఆ కెమెరాలు తీయించు."

"ఒక్కరే ఉన్నప్పుడు పడిపోతే? ఎవరికీ తెలియకపోతే? అది చెప్పండి."

అది న్యాయమైన ప్రశ్న. వాడు అడిగినవాటిలో అదొక్కటే నా ఇంటి గురించి కాక నా గురించి అడిగింది. అబద్ధం చెప్పదలచుకోలేదు.

"పడొచ్చు. పడితే లేస్తాను. లేవలేకపోతే నీకే ఫోన్ చేస్తాను, నువ్వు రా. కానీ పడకముందే రాకు."

"ఫోన్ కూడా చేయలేకపోతే?"

"అప్పుడు నువ్వు ఆలస్యంగా వస్తావు. అది నీ తప్పు కాదు. ఇప్పుడే చెబుతున్నాను, చెల్లి కూడా వింటోంది."

అమ్మాయి స్టవ్ దగ్గర నుంచి కదల్లేదు. వాడు లేచి బయటికెళ్ళాడు. ఆ సాయంత్రం మళ్ళీ నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

ఇది గంగాలిన్‌లో కూర్చొని రాస్తున్నాను. ఆ బస్సు దిగిన రోజు నుంచి కొన్నాళ్ళు ఆపరేషన్ కాని మోకాలు వాచి ఉంది, మెట్లు దిగుతుంటే బాగా నొప్పి పెట్టింది. దాచలేదు. ఇక్కడికొచ్చాక ఫోన్లో వాడికి నేనే చెప్పాను.

"చూశారా?" అన్నాడు.

"చూశాను," అన్నాను. "తగ్గింది."